"రెండో భూమి" వార్తల్లో కొలిచిందెంత, ఊహించిందెంత?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. రెండు మూడు నెలలకోసారి "భూమిలాంటి గ్రహం దొరికింది" అని వార్త వస్తుంది కదా, అక్కడ నీళ్లున్నాయని, బతకడానికి వీలుందని వీళ్లకెలా తెలుసు? ఇన్ని దొరికాక కూడా ఒక్కదాని మీదైనా జీవం ఉందో లేదో ఎందుకు తేల్చలేకపోతున్నారు? పెద్ద టెలిస్కోపు లేని డిగ్రీ విద్యార్థి ఈ వెతుకులాటలో ఏమైనా చేయగలడా? నక్షత్రాల వెలుగు గ్రాఫుల్లో గ్రహాల జాడ వెతకడమే నా పని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తా. అక్కడ నీళ్లున్నాయని ఎవరికీ తెలియదు. సౌరకుటుంబం బయట ధ్రువపడిన గ్రహాల లెక్క 2025 సెప్టెంబరులో 6,000 దాటింది. వాటిలో రాతి నేల ఉండి, నీరు ద్రవంగా నిలవగలిగే దూరంలో తిరుగుతున్న గ్రహాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానికైనా వాతావరణం ఉందని ఇప్పటిదాకా ఎవరూ నిర్ధారించలేదు. గాలి ఉందో లేదో తేలకుండా సముద్రాల గురించి మాట్లాడడం తొందరపాటే. వార్త పక్కన నీలి సముద్రాలు, తెల్లటి మబ్బులతో వేసే బొమ్మ ఉంటుందే, అది చిత్రకారుడు గీసింది. ఈ గ్రహాల్లో దేన్నీ మనం ఒక చుక్కగా కూడా విడిగా చూడలేదు.

మరి కొలిచిందేమిటి? దాదాపు అన్నిటికీ ఒకటో రెండో అంకెలు, అంతే.

ఒక పద్ధతి ట్రాన్సిట్. గ్రహం తన నక్షత్రానికి మనకూ మధ్యగా దాటితే నక్షత్రం వెలుగు పిసరంత తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నది గ్రహం సైజు చెబుతుంది, ఎన్ని రోజులకోసారి తగ్గిందన్నది కక్ష్య చెబుతుంది. గురుడంత గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రం ముందు నుంచి పోతే వెలుగు 1 శాతం తగ్గుతుంది. భూమంత గ్రహమైతే 0.0084 శాతం. అది కూడా ఏడాదికొక్కసారి, పదమూడు గంటల పాటు. పైగా కక్ష్య సరిగ్గా మన చూపు వరసలో ఉండాలి. సూర్యుడు, భూమి లాంటి జంటకి ఆ అవకాశం 200లో ఒకటి. అందుకే 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు నాలుగేళ్లపాటు ఆకాశంలో ఒకే ముక్కకేసి చూస్తూ లక్షన్నర నక్షత్రాలను ఒకేసారి కనిపెట్టింది. దాని డేటాలోంచి 2,600 పైచిలుకు గ్రహాలు బయటపడ్డాయి.

రెండోది ఊగిసలాట. గ్రహం కూడా నక్షత్రాన్ని తనవైపు లాగుతుంది, దాంతో నక్షత్రం కాస్త ముందుకీ వెనక్కీ కదులుతుంది, ఆ కదలిక వర్ణపటంలో దొరుకుతుంది. మిషెల్ మేయర్, డిడియె కెలోజ్ 1995లో 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ గ్రహాన్ని పట్టింది ఇలాగే. 2019లో వాళ్లకి నోబెల్ వచ్చింది. గురుడు సూర్యుణ్ని సెకనుకు 12.5 మీటర్ల వేగంతో ఊపుతాడు. భూమి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లు. కానీ నక్షత్రం పైపొరలో వేడి వాయువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పైకీ కిందికీ మసులుతుంటాయి, మచ్చలు పుడుతూ పోతూ ఉంటాయి. ఆ గోలలోంచి తొమ్మిది సెంటీమీటర్లను ఏరాలి.

ఇక్కడే కొన్ని "భూములు" పుట్టి మాయమయ్యాయి. 2010లో గ్లీజ్ 581 జి అనే గ్రహం పేరు మార్మోగిపోయింది (గ్లీజ్ 581 నక్షత్రం పేరు, చివరి అక్షరం దాని చుట్టూ ఉన్న గ్రహానికి గుర్తు). తర్వాత చూసినవాళ్లకు ఆ సంకేతం నిలకడగా దొరకలేదు. 2014లో వచ్చిన విశ్లేషణ ఆ నక్షత్రం సొంత అలజడే గ్రహాల్లా కనిపించిందని తేల్చి, పక్కనున్న డి గ్రహాన్ని కూడా కొట్టేసింది. 2012లో ఆల్ఫా సెంటారీ బి అనే నక్షత్రం చుట్టూ ప్రకటించిన గ్రహమూ అంతే. మూడేళ్ల తర్వాత అది కొలతలు తీసుకున్న తేదీల అమరిక నుంచి పుట్టిన నీడ అని తేలింది. ప్రకటించినవాళ్లు మోసం చేశారని అనుకోకండి. పరికరం చూడగలిగే అంచున పనిచేస్తున్నప్పుడు ఇవి తప్పవు.

ట్రాన్సిట్ వెలుగు గ్రాఫులో ఒక పల్లం కనబడగానే మేము చేసేది పండగ కాదు, అనుమానం. మొదట పల్లం ఆకారం చూస్తాం. గ్రహమైతే అడుగు కాస్త చదునుగా, పళ్లెంలా ఉండాలి. సూదిగా వి ఆకారంలో ఉంటే రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ దాటుతున్నాయేమోనని సందేహం. తర్వాత ఒకటో పల్లం, మూడో పల్లం, ఐదో పల్లం ఒక కుప్పగా, రెండు, నాలుగు, ఆరు ఇంకో కుప్పగా వేసి లోతులు పోలుస్తాం. తేడా ఉంటే అది గ్రహం కాదు, వేర్వేరు సైజుల నక్షత్రాల జంట. రెండు పల్లాలకీ మధ్యలో ఇంకో చిన్న పల్లం ఉన్నా అదే కథ. చివరికి, తగ్గిన వెలుగు అసలు ఈ నక్షత్రానిదేనా అని చూస్తాం. గ్రహాలను వెతికే నాసా అంతరిక్ష టెలిస్కోపు టెస్‌లో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్ సెకన్ల వెడల్పు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), అందులో నాలుగైదు నక్షత్రాలు ఇరుక్కుని ఉండొచ్చు. పక్కన ఎక్కడో మినుకుమినుకుమంటున్న నక్షత్రాల జంట చేసిన పని మన నక్షత్రం ఖాతాలో పడిపోతుంది. ఇవన్నీ దాటినదాన్నే అభ్యర్థి అంటాం, గ్రహం అని ఇంకా అనం.

ఇక "నివాసయోగ్య మండలం" సంగతి. ఈ మాటను 1959లో సు-షు హువాంగ్ వాడుకలోకి తెచ్చారు, 1993లో జేమ్స్ కాస్టింగ్ బృందం దానికి గట్టి లెక్కలు కట్టింది. నక్షత్రం నుంచి ఎంత దూరంలో ఉంటే, భూమి లాంటి వాతావరణం ఉందనుకుంటే, నీరు ద్రవంగా నిలుస్తుందో చెప్పే దూరాల హద్దు ఇది. "ఉందనుకుంటే" అన్న మాట వార్తల్లో మొదట ఎగిరిపోతుంది. టెలిస్కోపు సమయం దొరకడం కష్టం, అన్ని గ్రహాలనూ చూడలేం, అందుకని ఏవి ముందు చూడాలో తేల్చుకునే జల్లెడగా ఈ మండలాన్ని వాడతాం. జల్లెడలో మిగిలిందల్లా బియ్యమని ఎవరూ అనరు.

శుక్రుణ్ని చూడండి. వ్యాసార్థం భూమిలో 95 శాతం, ద్రవ్యరాశి 81 శాతం. సైజు, బరువు మాత్రమే కొలవగలిగే దూరపు ఖగోళ శాస్త్రవేత్త ఎవరైనా ఉంటే "భూమికి కవల దొరికింది" అని పత్రిక వాళ్లకి ఫోన్ చేసేస్తాడు. నిజానికి నేల మీద 460 డిగ్రీలు, భూమి మీది కన్నా 90 రెట్ల ఒత్తిడి. ఇంకో తమాషా ఉంది. వార్తల్లో "ఆ గ్రహం ఉష్ణోగ్రత ఇంత" అని రాసేది చాలాసార్లు సమతుల్య ఉష్ణోగ్రత, అంటే గాలి దుప్పటి కప్పకుండా కేవలం పడిన ఎండ, తిరిగిపోయిన ఎండ లెక్క. ఆ లెక్కన భూమికి వచ్చేది మైనస్ 18 డిగ్రీలు. మనం అనుభవిస్తున్న సగటు 15 డిగ్రీలు. మధ్యలో ఉన్న 33 డిగ్రీలు వాతావరణం పుణ్యం. శుక్రుడి తెల్లటి మబ్బులు ఎండను ఎక్కువగా తిప్పికొడతాయి కాబట్టి అదే లెక్కలో శుక్రుడు భూమి కన్నా చల్లగా తేలతాడు! ఈ అంకె చూసి స్వెట్టర్ కొనుక్కోవాలో వద్దో తేల్చుకోలేం.

సైజు విషయం త్వరగా చెప్పేస్తా. వ్యాసార్థం భూమికి దాదాపు 1.6 రెట్లు దాటితే ఎక్కువ గ్రహాలు రాతి నేలతో కాక మందపాటి వాయుపొరతోనో, చాలా నీటితోనో ఉన్నట్టు సాంద్రతలు చెబుతున్నాయి. "సూపర్ ఎర్త్" అనగానే పెద్ద భూమి అనుకోకండి.

రెండో ప్రశ్నకి జవాబు ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల్లో, అంటే సూర్యుడి కన్నా చిన్నగా, చల్లగా ఉండేవాటిలో ఉంది. మన పాలపుంతలో ప్రతి పది నక్షత్రాల్లో ఏడుకు పైగా ఈ రకమే. మీరు పేర్లు విన్న గ్రహాల్లో ఎక్కువ వీటి చుట్టూ తిరిగేవే. ప్రాక్సిమా బి 4.2 కాంతి సంవత్సరాల దూరంలో, 11.2 రోజుల కక్ష్యలో ఉంది. గియెం అంగ్లాడా-ఎస్కుడె బృందం 2016లో ప్రకటించింది. 2017లో ఏడు రాతి గ్రహాలతో ట్రాపిస్ట్-1 అనే నక్షత్ర వ్యవస్థ బయటపడింది, దూరం 40 కాంతి సంవత్సరాలు. ఇక్కడ మనకి కలిసొచ్చేది నక్షత్రం చిన్నదవడం. ట్రాపిస్ట్-1 వెడల్పులో గురుడి కన్నా కాస్త పెద్దది, అంతే. దాని ముందు నుంచి భూమంత గ్రహం దాటితే వెలుగు అర శాతానికి పైగా తగ్గుతుంది. సూర్యుడి దగ్గర తగ్గేదానికి దాదాపు 70 రెట్లు. అందులో ఇ అనే గ్రహానికి ఏడాది అంటే ఆరు రోజులు, కాబట్టి మళ్లీ మళ్లీ చూడొచ్చు.

కలిసొచ్చిన ఆ గుణమే కొంప కూడా ముంచొచ్చు. నక్షత్రం మసకగా ఉంటుంది కాబట్టి వెచ్చదనం కావాలంటే గ్రహం దాన్ని హత్తుకుని తిరగాలి. అంత దగ్గరగా ఉంటే ఒకే ముఖం ఎప్పుడూ నక్షత్రం వైపు ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఈ నక్షత్రాలు విసిరే జ్వాలలు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు నేరుగా తగులుతాయి. అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వాటి బాల్యం. మరుగుజ్జు నక్షత్రాలు పుట్టాక కోట్ల ఏళ్లు ఇప్పటికన్నా చాలా ప్రకాశంగా వెలుగుతాయి. ఈ రోజు హాయిగా ఉండే దూరంలో కనిపిస్తున్న గ్రహం అప్పట్లో కాలిపోతూ ఉండి ఉండాలి. ఉన్న నీళ్లు ఆవిరై అంతరిక్షంలోకి పోయాయా, లోపల కొంత మిగిలిందా అన్నది ఇప్పటికీ తెగని వాదన.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు వచ్చాక వాదన కాస్త కొలతల్లోకి దిగింది. 2023లో ట్రాపిస్ట్-1 బి పగటి వైపు వేడిని కొలిస్తే సుమారు 230 డిగ్రీలు వచ్చింది. గాలి ఉంటే ఆ వేడి రాత్రి వైపుకి పంచుకునేది, ఇంత రాకూడదు. అంటే బోడి రాయి అన్నదానికే కొలత సరిపోయింది. సి గ్రహానికి సుమారు 107 డిగ్రీలు, శుక్రుడి లాంటి మందపాటి కార్బన్ డయాక్సైడ్ పొర ఉండే అవకాశం పోయింది. కొందరు అప్పుడే ఈ వ్యవస్థకి నీళ్లొదిలేశారు. నేను ఒప్పుకోను. బి మీద పడే ఎండ భూమి మీద పడేదానికి నాలుగు రెట్లు, సి మీద రెండు రెట్లకు పైనే. లోపలివి రెండూ ఎండిపోయినంత మాత్రాన బయటివి కూడా ఎండిపోయాయని చెప్పలేం. అసలు పరీక్ష ఇ గ్రహం. దాని మొదటి నాలుగు ట్రాన్సిట్ల ఫలితాలు 2025లో వచ్చాయి. హైడ్రోజన్ నిండిన ఉబ్బు వాతావరణం లేదని తేలింది, నైట్రోజన్ లాంటిది ఉందో, ఏదీ లేదో తేలలేదు.

ఎందుకు తేలలేదో చెప్పుకోవాలి. గ్రహం అంచున ఉన్న పలచటి గాలి పొర గుండా వచ్చిన వెలుగులో ఏ రంగు ఎంత మింగబడిందో చూడాలి. ఇ లాంటి గ్రహానికి ఆ తేడా వెలుగులో పది లక్షలకి కొన్ని పదుల వంతులు. అదే సమయంలో నక్షత్రం మీద మచ్చలు కూడా రంగుల్లో తేడా తెస్తాయి, కొన్నిసార్లు అంతకన్నా పెద్దగా. చల్లటి నక్షత్రం మచ్చల్లో నీటి ఆవిరి కూడా ఉంటుంది. కాబట్టి "నీటి ఆవిరి కనబడింది" అంటే గ్రహానిదా, నక్షత్రానిదా అని ముందు అడగాలి. ఇలాంటి రాతి గ్రహాల కోసమే వెబ్ సమయంలో 500 గంటలు ప్రత్యేకంగా కేటాయించారు. ప్రాక్సిమా బి మనకి అందరికన్నా దగ్గర, కానీ నక్షత్రం ముందు నుంచి దాటదు, కాబట్టి ఈ కిటుకు అక్కడ పనిచేయదు.

మీరు ప్రత్యేకంగా అడిగిన కె2-18 బి అనే గ్రహం గురించి. దూరం 124 కాంతి సంవత్సరాలు, భూమికి 2.6 రెట్ల వ్యాసార్థం, 8.6 రెట్ల ద్రవ్యరాశి. 2023లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం వెబ్ డేటాలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూపించింది. మీథేన్ విషయంలో పెద్దగా గొడవ లేదు. 2025 ఏప్రిల్‌లో అదే బృందం డైమిథైల్ సల్ఫైడ్ లేదా దానికి దగ్గరి అణువు ఉన్నట్టు ప్రకటించింది. భూమి మీద ఇది ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవుల వల్ల పుడుతుంది, అందుకే అంత హడావిడి. బలం మూడు సిగ్మా అన్నారు, అంటే యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం దాదాపు 0.3 శాతం. వినడానికి చాలా గట్టిగా ఉంది. కానీ ఆ శాతం మనం ఎంచుకున్న నమూనా సరైనదైతేనే. మిగతా బృందాలు అదే డేటా తీసుకుని వేరే అణువుల జాబితాతోనో, వేరే పద్ధతిలోనో లెక్కగడితే సంకేతం బలహీనపడింది, ఒక విశ్లేషణలో సాదా గీత కూడా సరిపోయింది. ఈ రంగంలో ఆవిష్కరణ అనడానికి ఐదు సిగ్మా కావాలంటారు. ఇంకో చిక్కు, జీవం ఊసే లేని 67పి తోకచుక్క మీద కూడా డైమిథైల్ సల్ఫైడ్ జాడ దొరికింది. నా అభిప్రాయం అడిగితే, కె2-18 బి రసాయన శాస్త్రానికి బంగారు గని, నివాసయోగ్యత మీద పందెం కాయడానికి మాత్రం అది నా మొదటి ఎంపిక కాదు. దాని మీద నేలో సముద్రమో ఉందన్నదే ఇంకా తేలలేదు.

"ఒక్క వాయువు దొరికితే చాలదా" అని అడిగారు. చాలదు. 1990 డిసెంబరులో గెలీలియో నౌక గురుడి వైపు వెళ్తూ భూమి పక్కనుంచి పోయినప్పుడు, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ బృందం ఆ డేటాతో భూమి మీద జీవాన్ని కనిపెట్టగలమా అని చూసింది. వాళ్లు పట్టుకున్నది ఆక్సిజన్, మీథేన్ జోడీని. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, ఒకేచోట నిలవాలంటే ఎవరో నిరంతరం తయారుచేస్తుండాలి. ఆక్సిజన్ ఒక్కటే అయితే నీరు విడిపోయి హైడ్రోజన్ ఎగిరిపోయినా మిగలొచ్చు. పోనీ ఆక్సిజన్ లేదంటే జీవం లేదా? భూమి మీద జీవం పుట్టాక కూడా వంద కోట్ల ఏళ్లకు పైగా గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత లేదు.

సూర్యుడి లాంటి నక్షత్రాల దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. 2015లో వచ్చిన కెప్లర్-452 బి, 385 రోజుల ఏడాది, ఆశ పుట్టించింది. 2018లో ఇంకో విశ్లేషణ ఆ సంకేతం పరికరం రొద కాదని నమ్మకంగా చెప్పలేమంది. యూరప్ వాళ్ల ప్లేటో అంతరిక్ష టెలిస్కోపు ఇలాంటి నక్షత్రాల కోసమే 26 కెమెరాలతో తయారవుతోంది. నేరుగా ఫోటో తీయాలంటే నక్షత్రం కన్నా వెయ్యి కోట్ల రెట్లు మసకైన చుక్కని దాని పక్కనే పట్టాలి. నాసా 2040ల్లో పంపాలనుకుంటున్న హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ లక్ష్యం అదే, కనీసం పాతిక గ్రహాలను అలా చూడాలని. అంతదాకా సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ ఉన్న భూమి గాలిని ఎవరైనా కొలిచేశారంటే నేను నమ్మను.

అక్కడికి వెళ్లే మాట కూడా ఒకరు ఎత్తారు. వాయేజర్-1 నౌక వేగంతో ప్రాక్సిమాకి సుమారు 75,000 ఏళ్లు. ముందుకు పోదాం.

మూడో ప్రశ్న, మీరేం చేయగలరు. చాలానే. కెప్లర్, టెస్ డేటా అంతా ఉచితంగా మాస్ట్ అనే నిల్వలో ఉంది. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే లైట్‌కర్వ్ ప్యాకేజీతో మామూలు ల్యాప్‌టాప్ మీదే పని నడుస్తుంది. పైథాన్ రాకపోతే ప్లానెట్ హంటర్స్ సైట్‌లో గ్రాఫులు కళ్లతో చూసి గుర్తులు పెట్టొచ్చు. ఇది కాలక్షేపం కాదు. టెస్ ఒక్కో ఆకాశ ముక్కను 27 రోజులే చూసి పక్కకి తిరుగుతుంది, కక్ష్య పెద్దదైతే ఒక్క పల్లమే పడుతుంది. పదేపదే వచ్చే పల్లాలను వెతికే ప్రోగ్రాములు ఒంటరి పల్లాన్ని వదిలేస్తాయి, మనిషి కన్ను పట్టేస్తుంది.

మొదట తెలిసినదాన్నే పట్టండి. హెచ్‌డీ 209458 బి తీసుకోండి, మూడున్నర రోజులకోసారి, 1.5 శాతం లోతు, ఎవరికైనా కనబడుతుంది. తర్వాత టీఓఐ-700 డి, భూమంత గ్రహం, 37 రోజుల కక్ష్య, పల్లం లోతు 0.1 శాతం కన్నా తక్కువ. చాలా ముక్కల డేటా కలిపి మడతపెడితే, అంటే పల్లాలన్నీ ఒకదాని మీద ఒకటి పడేలా పేరిస్తే తప్ప కనబడదు. ఈ టీఓఐ-700 ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. టెస్ కేటలాగులో మొదట ఈ నక్షత్రాన్ని సూర్యుడి రకంగా నమోదు చేశారు, దాంతో గ్రహాలు ఉన్నదానికన్నా పెద్దవిగా, వేడివిగా లెక్క తేలాయి. తప్పు పట్టుకున్నవాళ్లలో ఒక హైస్కూలు విద్యార్థి ఉన్నాడు. నక్షత్రం సైజు సరిచేశాకే డి గ్రహం నివాసయోగ్య మండలంలోకి వచ్చింది, 2020 జనవరిలో ప్రకటించారు. కాబట్టి మీ గ్రాఫులో పల్లం లోతు చూసి సంబరపడే ముందు నక్షత్రం వ్యాసార్థం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి, నక్షత్రాల దూరాలు కొలిచిన యూరప్ టెలిస్కోపు గయా కొలతలతో సరిపోల్చండి. ఎక్కడైనా ఇరుక్కుంటే గ్రాఫుతో పాటు నక్షత్రం టీఐసీ నంబరు (టెస్ కేటలాగులో దాని సంఖ్య) కూడా పెట్టండి, సరి-బేసి పల్లాల పరీక్ష ఎలా చేయాలో దాని మీదే చూపిస్తాను.